పాలు పొంగించి ఐదు నెలలు, పని ఇంకా మిగిలే ఉంది. జాతర లోపు ఏది ముందు చేయించాలి?

భీమారం_టీచర్ (జనవరి 4, 2026, రాత్రి 9:50)

అందరికీ నమస్తే. ఇక్కడ చాలా రోజులుగా చదువుతున్నాను కానీ రాయడం ఇదే మొదటిసారి.

హన్మకొండ పక్కన భీమారంలో 180 గజాల్లో కింది అంతస్తు వరకు కట్టుకున్నాం. శ్రావణంలో ముహూర్తం పోతే మళ్లీ ఎప్పుడో అని అత్తమ్మ, నెలాఖరుకు ఖాళీ చేయండని అద్దె ఇంటి ఓనరు. రెండు దిక్కులా తొందరే. పాలు పొంగించే నాటికి వంటింట్లో గట్టు ఉంది, కింద అరలకు తలుపులు లేవు. "పదిహేను రోజుల్లో అంతా అయిపోతుందమ్మా" అన్నాడు మేస్త్రి. ఆ పదిహేను రోజులు ఇంకా అవలేదు.

ఇప్పటికి మిగిలినవి: ఇంటి వెనక గోడకు బయటి ప్లాస్టరింగ్, డాబా మీద పిట్టగోడ (మూడు వైపులు అయింది, వెనక వైపు లేదు), మెట్లకు రెయిలింగ్, వంటింటి అరల తలుపులు, రెండో బాత్రూంలో నల్లాలు, గేటుకు రంగు. కరెంటు మీటరు ఇంకా కట్టేటప్పుడు తీసుకున్నదే ఉంది.

వీటన్నిటికంటే పెద్ద పరేషాన్ ఒకటుంది. మా పడకగది గోడకు అవతల బాత్రూం. దీపావళి తర్వాత ఆ గోడ మీద, నేల నుంచి నాలుగు అడుగుల ఎత్తులో, అరచేయంత చెమ్మ మచ్చ వచ్చింది. ఇప్పుడు అన్నం తినే పళ్లెమంత అయింది. లప్పం (గోడ నున్నగా చేసే పుట్టీ) పెట్టి రంగు వేస్తే మూసుకుపోతుందని పెయింటర్ అంటున్నాడు.

ఈ నెల 28 నుంచి మేడారం జాతర. మంచిర్యాల, సిరిసిల్ల వైపు మా చుట్టాలంతా మా ఇంట్లో దిగి, తెల్లారి మేడారం పోతారు. 2024 జాతరప్పుడు అద్దె ఇల్లు, రెండు గదులు అని చెప్పి తప్పించుకున్నాం. ఈసారి కొత్త ఇల్లు చూడాలని ఇంకో నలుగురు ఎక్కువే వస్తారు. మేస్త్రి మాత్రం "జాతర అయినంక వస్తా" అంటున్నాడు. మా ఆయన కాజీపేటలో రైల్వే షిఫ్టు డ్యూటీ, పని వాళ్ల వెంట తిరిగేది నేనే. ఇరవై నాలుగు రోజులుంది. ఏది ముందు చేయించను?

నిదానమే_మేలు (జనవరి 4, రాత్రి 10:15)

అసలు పని పూర్తి కాకుండా ఇంట్లోకి ఎందుకు వచ్చారు మేడమ్? మనం సామాను దించిన రోజే మేస్త్రికి తొందర పోతుంది. ఇల్లు ఖాళీగా ఉన్నంత కాలమే వాడికి మన భయం. ఇది నా అనుభవం, తప్పుగా అనుకోకండి.

పరకాల_పిల్ల (జనవరి 4, రాత్రి 10:31)

నిదానం అన్నా, అద్దె ఒక దిక్కు, బ్యాంకు కిస్తీ ఒక దిక్కు కట్టే వాళ్లకు ఆ మాట చెప్పడం సులువు కాదు. మేమూ కిటికీలకు అద్దాలు లేకుండానే చొచ్చినం. మొదటి వారం చీరలు కట్టుకున్నాం కిటికీలకు. ఉంటేనే తెలుస్తుంది ఎక్కడ స్విచ్ తక్కువైందో, ఏ నహానీ ట్రాప్ (బాత్రూం నేలలో నీళ్లు పోయే గుంత) దిక్కు నీళ్లు పోవడం లేదో.

అక్కా, మీ ఊరంతా కోతులు కదా? ట్యాంకు మూతకు తీగ కట్టారా? మా దాంట్లో ఒక కోతి బాజాప్తా స్నానం చేసి పోయింది. రెండు వేల లీటర్లు పారబోసి ట్యాంకు కడిగించాం.

గోదావరిఖని_తాత (జనవరి 5, ఉదయం 5:40)

అమ్మా, నేను సింగరేణిలో పనిచేసి రిటైరైన వాణ్ణి. మంచిర్యాలలో ఇల్లు కట్టుకున్నాను. మీ పోస్టు చదివితే నాకు చెమ్మ మచ్చ కంటే ముందు రెండు మాటలు కళ్లల్లో పడ్డాయి: పిట్టగోడ ఒక వైపు లేదు, మెట్లకు రెయిలింగ్ లేదు. అంతమంది చుట్టాలంటే పిల్లలు ఎందరు? కొత్త ఇంటికి రాగానే పిల్లలు మొదట ఎక్కేది డాబానే. మచ్చ ఒక నెల ఆగుతుంది. ఇది ఆగదు.

రెయిలింగ్ చేసే వాడు దొరక్కపోతే సెంట్రింగ్ సామాను కిరాయికిచ్చే వాళ్ల దగ్గర ఇనుప పైపులు తెచ్చి, మెట్ల పొడవునా రెండు వరుసలు బిగించండి. డాబాకు పోయే దగ్గర తలుపు ఉంటే తాళం వేసి చెవి మీ నడుముకు కట్టుకోండి. మా గనిలో ఒక పద్ధతి ఉండేది, పని ఎంత మిగిలినా సరే, ముందు మనిషి పడే చోటు మూసేవాళ్లం.

భీమారం_టీచర్ (జనవరి 5, ఉదయం 6:20)

తాతగారూ, మీరు అనే దాకా నా బుర్రకు తట్టలేదు. ఐదు నెలలుగా రోజూ ఎక్కి దిగుతున్నాం కదా, అలవాటైపోయింది. మా ఆడబిడ్డ వాళ్ల చిన్నోడికి మూడేళ్లు. ఈరోజే పైపులు తెప్పిస్తాను. డాబా తలుపు చౌకట్టు ఉంది, తలుపు లేదు. అదీ చూస్తాను.

సుతారి_కొడుకు (జనవరి 5, మధ్యాహ్నం 1:10)

అక్కా, మా నాన్న సుతారి మేస్త్రి. నేను ఇప్పుడు హన్మకొండలో సైట్లు చూసుకుంటున్నా. అన్నం టైం, అందుకే రాస్తున్నా.

ముందు ఒక మాట. ఆ మచ్చ మీద లప్పం పెట్టనీయకండి. లోపల నీళ్లు ఉండగా పైన లప్పం పెడితే సంక్రాంతికి పెట్టింది శివరాత్రికి అప్పడం లేచినట్టు లేచి రాలుతుంది. పెయింటర్‌కు రెండోసారి కూలి, అంతే లాభం.

ఇప్పుడు కొన్ని ప్రశ్నలు. మచ్చ నేల నుంచి పైకి ఎక్కిందా, లేక నడుమ పుట్టి గుండ్రంగా పెరిగిందా? నేల నుంచి ఎక్కితే బాత్రూం ఫ్లోరింగు, ట్రాప్ దగ్గర తేడా. నడుమ పుడితే ఆ ఎత్తులో పైపు ఉండాలి. స్నానాలు చేయని రోజు కూడా తడి అట్లే ఉంటుందా? స్నానాలప్పుడే తడిసి మధ్యాహ్నానికి ఆరితే టైల్స్ సందుల నుంచి దిగుతున్నట్టు. రోజంతా ఒకే తీరుగా ఉంటే ట్యాంకు నుంచి వచ్చే పైపు మీద అనుమానం.

ఇంకొకటి, ముఖ్యమైంది. ఇంట్లోకి వచ్చాక ఆ గోడకు బాత్రూం వైపు ఏమైనా బిగించారా? అద్దమో, గీజరో, బట్టలు వేసే కడ్డీనో?

నిదానమే_మేలు (జనవరి 5, మధ్యాహ్నం 2:05)

కొత్త ఇల్లు, సిమెంటులో నీళ్లు ఇంకా ఆరలేదేమో. మా ఇంట్లో మొదటి చలికాలం అన్ని గోడలకూ చెమ్మే.

సుతారి_కొడుకు (జనవరి 5, సాయంత్రం 6:45)

అన్నా, ఆ చెమ్మ వేరు. కొత్త ప్లాస్టరింగ్ తడి గోడంతా పరుచుకుని ఉంటుంది, రోజురోజుకూ తగ్గుతుంది. ఒక్కచోట పుట్టి పెరగదు. నమ్మకం లేకుంటే అడుగు చదరం పాలిథిన్ కవరు మచ్చ పక్కన ఒకటి, దూరంగా మంచి గోడకు ఒకటి, నాలుగు అంచులా టేపు వేసి ఒక రోజు ఉంచండి. గోడకు ఆనిన వైపు నీటి చుక్కలు పడితే తడి గోడ లోపలి నుంచి వస్తున్నట్టు. రెండు కవర్లూ ఒకేలా ఉంటే మీ మాటే నిజం.

భీమారం_టీచర్ (జనవరి 5, రాత్రి 8:30)

తమ్ముడూ, మచ్చ నడుమనే పుట్టింది. కింద రెండడుగుల దాకా గోడ పొడిగా ఉంది. ఎప్పుడు చూసినా ఒకే తీరు తడి. సిరిసిల్లకు పోయి రెండు రోజుల తర్వాత వచ్చి చూసినా అంతే ఉంది, ఇంకా పెద్దదైందేమో కూడా.

బాత్రూం వైపు దసరా సెలవుల్లో అద్దం పెట్టె బిగించాం, ఆ తర్వాత గీజరు. రెండూ ఆ గోడకే.

కవర్లు అంటించాను. అత్తమ్మ అడిగింది, గోడకు దెబ్బ తగిలిందా పట్టీ వేశావు అని.

కరెంటోళ్ల_ఇల్లు (జనవరి 5, రాత్రి 9:15)

మేడమ్, కరీంనగర్ నుంచి. ఎలక్ట్రికల్ పని నాది. ఆ తడి గోడలో స్విచ్‌బోర్డు గానీ గీజర్ పాయింటు గానీ ఉందా? ఉంటే ఆ లైను ఎంసీబీ (బోర్డులో ఆ లైనుకు ఉండే స్విచ్) దించేసి, లీకు తేలే దాకా వాడకండి. చలికి వేడినీళ్లు లేకుంటే కట్టెల పొయ్యి మీద కాచుకోండి, తప్పు లేదు. మెయిన్ బోర్డులో ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే సప్లై ఆపేసే స్విచ్, పెట్టారా చూడండి. దాని మీద చిన్న టెస్ట్ బటన్ ఉంటుంది, నొక్కితే కరెంటు టక్కున పోవాలి. పోకపోతే అది ఉన్నా లేనట్టే. ఇళ్లకు పెట్టేది 30 మిల్లీ ఆంప్స్‌ది. 100ది పెట్టి ఊరుకుంటారు కొందరు, అది మనిషి ప్రాణం కోసం కాదు.

మీటరు సంగతి. కట్టేటప్పుడు ఇచ్చే తాత్కాలిక కనెక్షన్ రేటు ఇంటి రేటు కంటే ఎక్కువ. ఐదు నెలలుగా మీరు అదే కడుతున్నారు! మన కరెంటు కంపెనీ టీజీఎన్‌పీడీసీఎల్ పెద్దాఫీసు మీ నక్కలగుట్టలోనే ఉంది కానీ అక్కడికి పోనక్కర్లేదు, మీ సెక్షన్ ఆఫీసులో ఇంటి కేటగిరీకి మార్చమని దరఖాస్తు పెట్టండి. రేషన్ కార్డు ఉన్న వాళ్లకు 2024 నుంచి వస్తున్న 200 యూనిట్ల ఉచిత కరెంటు, అదే గృహజ్యోతి, కూడా ఇంటి కేటగిరీ మీటరుకే. దీనికి మేస్త్రి రానక్కర్లేదు, జాతర అడ్డం లేదు. రేపే పోండి.

భీమారం_టీచర్ (జనవరి 6, రాత్రి 9:00)

బటన్ నొక్కాను. పోయింది, భయమేసింది, మీట పైకి లేపితే మళ్లీ వచ్చింది. 30 అనే రాసి ఉంది. గీజరు ఎంసీబీ దించేశాం. మా పాప రెండు రోజులు స్నానం ఎగ్గొట్టే కారణం దొరికిందని సంబరపడుతోంది. మీటరుకు దరఖాస్తు ఇచ్చి వచ్చాను.

మచ్చ పక్కన అంటించిన కవరు లోపల చుక్కలు పడ్డాయి. దూరంగా అంటించింది పొడిగా ఉంది.

సుతారి_కొడుకు (జనవరి 6, రాత్రి 10:20)

ఇగ పైపే. ఒక రాత్రి పరీక్ష చేయండి. పడుకునే ముందు ట్యాంకులో నీటి మట్టం దగ్గర గీత పెట్టండి, ఇంట్లో ఒక్క నల్లా తిప్పకుండా తెల్లారి చూడండి. మరుసటి రాత్రి ఆ బాత్రూం వాల్వు కట్టేసి మళ్లీ అదే చేయండి. మొదటి రాత్రి తగ్గి, రెండో రాత్రి తగ్గకపోతే దొంగ ఆ బాత్రూంలోనే ఉన్నాడు.

దుబాయ్_జగిత్యాల (జనవరి 7, రాత్రి 12:40)

అక్కా, నేను జగిత్యాలలో ఇల్లు మొత్తం ఫోన్‌లోనే కట్టించాను. పునాది నుంచి రంగు దాకా ఒక్కరోజు కూడా అక్కడ లేను. అందుకని ఒక పట్టు పట్టాను: ప్లాస్టరింగ్ చేసే ముందు ప్రతి గోడ ఫోటో, టేపు నేల నుంచి నిలువుగా ఒకటి, మూల నుంచి అడ్డంగా ఒకటి కనబడాలి, లేకుంటే పైసలు పంపను. మేస్త్రి నన్ను తిట్టుకున్నాడు. కానీ ఇప్పుడు మా ఇంట్లో మేకు కొట్టాలంటే ముందు నాకు ఫోన్ చేస్తారు. నిద్రలో లేపి మరీ అడుగుతారు, "బిడ్డా, ఈడ పైపు ఉన్నదా?" అని.

మీ దగ్గర అట్లాంటి ఫోటోలు ఉన్నాయా?

భీమారం_టీచర్ (జనవరి 7, ఉదయం 6:10)

లేవు తమ్ముడూ. తీశాం, కానీ ఆ ఫోన్ నవంబర్‌లో బకెట్లో పడింది.

భీమారం_టీచర్ (జనవరి 7, ఉదయం 6:25)

ఆగండి. మా మరిది మస్కట్‌లో ఉంటాడు. కట్టేటప్పుడు రోజూ సాయంత్రం అత్తమ్మ నాతో వీడియో తీయించి వాడికి పంపించేది, "చూడు నాయనా ఇయ్యాల ఇంత అయింది" అని. వాడు ఏదీ తీసెయ్యడు. అడుగుతాను.

పరకాల_పిల్ల (జనవరి 7, ఉదయం 7:00)

ఇది టీవీ సీరియల్ కంటే బాగుంది. నేను ఇక్కడే కూర్చున్నా.

నిదానమే_మేలు (జనవరి 7, ఉదయం 9:30)

ఈలోపు నాదీ ఒక ప్రశ్న. మా కొత్త ఇంట్లో బీము కింద గోడ పొడవునా వెంట్రుక మందం పగులు. కాంట్రాక్టర్ "ఏం కాదు" అంటాడు. నమ్మొచ్చా?

సుతారి_కొడుకు (జనవరి 7, మధ్యాహ్నం 1:20)

ఈసారికి నమ్మొచ్చు అన్నా. బీము కాంక్రీటు, గోడ ఇటుక. ఎండకు రెండూ ఒకే తీరుగా సాగవు. ప్లాస్టరింగ్ చేసేటప్పుడు ఆ కలిసే చోట జాలి (తీగ వల) కొట్టి ఉంటే రాకపోను. పగులు రెండు చివర్లా పెన్సిల్‌తో గీత పెట్టి తారీఖు రాయండి. మన ఎండాకాలం ఒకటి దాటనీయండి. అప్పటికీ గీత దాటకపోతే, పగులును కొంచెం వెడల్పు చేసి నింపి, జాలి టేపు వేసి రంగు వేయించుకోండి. ఇప్పుడే నింపితే మేలో మళ్లీ తెరుచుకుంటుంది.

కిటికీ మూల నుంచి ఏటవాలుగా మెట్లు మెట్లుగా దిగే పగులు మాత్రం వేరే కథ. అది కనబడితే కాంట్రాక్టర్ మాట వినొద్దు, ఇంజినీర్‌ను పిలవండి.

గోదావరిఖని_తాత (జనవరి 7, మధ్యాహ్నం 3:00)

నల్లరేగడి నేల అయితే ఆ ఏటవాలు పగులు ఇంకా జాగ్రత్తగా చూడాలి. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది, ఇంటిని పట్టుకుని ఊపుతుంది. మా చెల్లెలు వాళ్ల ఊళ్లో ఇంటి ముందు మెట్లు మొదటి వానాకాలానికే ఇంటి నుంచి జానెడు విడిపోయాయి. కారణం నేల ఒక్కటే కాదు, మొరం పోసి నీళ్లు పెట్టి గట్టిగా దిమ్మిస చేయకుండానే మెట్లు కట్టేశారు.

భీమారం_టీచర్ (జనవరి 9, ఉదయం 6:40)

మొదటి రాత్రి ట్యాంకులో రెండు వేళ్ల మందం తగ్గింది. వాల్వు కట్టేసిన రాత్రి గీత గీత మీదే ఉంది.

మరిది వీడియో పంపాడు. పోయిన మే నెలది. గోడకు ఇటుకలు, గాడిలో పైపులు, అత్తమ్మ గొంతు వెనకాల, "ఇది స్నానాల అర్ర నాయనా". వీడియోలో టేపు లేదు కానీ అత్తమ్మ గోడ పక్కన నిలబడి ఉంది. గీజరుకు పోయే పైపు సరిగ్గా ఆమె భుజం ఎత్తులో మలుపు తిరిగింది. నిన్న రాత్రి అత్తమ్మను బాత్రూంలో అదే చోట నిలబెట్టి చూశాం. భుజం దగ్గర అద్దం పెట్టె ఎడమ మర.

నాకు నవ్వు ఆగలేదు. అత్తమ్మ మాత్రం "నన్ను కొలతకు వాడుకున్నారు" అని కోపం.

దుబాయ్_జగిత్యాల (జనవరి 9, ఉదయం 7:15)

మీ అత్తమ్మకు దండం అక్కా. ఆ వీడియోలన్నీ ఇంకో రెండు చోట్ల దాచుకోండి, మీ మరిది ఫోన్ కూడా ఎప్పుడో బకెట్లో పడుతుంది.

సుతారి_కొడుకు (జనవరి 9, ఉదయం 7:40)

అక్కా, ఆ మర ఇప్పుడే తీయకండి! పైపుకు పొడిచిన మరే సగం బిరడాలాగా పనిచేస్తోంది, అందుకే నెమ్మదిగా కారుతోంది. వాల్వు తెరిచి ఉండగా తీశారంటే ముఖం మీద ఫౌంటెన్. వాల్వు కట్టేసి, నల్లా తిప్పి పైపు ఖాళీ చేసి, అప్పుడు తీయండి.

తర్వాత నా సలహా: టైల్ పగలగొట్టకుండా పడకగది వైపు నుంచి గోడ తవ్వించండి. అదే రకం టైల్ మళ్లీ దొరకడం కష్టం. ఒకే డిజైన్ అయినా ఇంకో లాటులో రంగు మారుతుంది.

పరకాల_పిల్ల (జనవరి 9, ఉదయం 10:05)

నేను ఒప్పుకోను. పైపు గాడి తీసింది బాత్రూం వైపు. పడకగది నుంచి అంటే మొత్తం ఇటుక పగలాలి, ఆ దుమ్మంతా పరుపుల మీద. మాకు అలాగే చేసి నెల రోజులు అన్నంలో కూడా ఇసుక తిన్నాం.

సుతారి_కొడుకు (జనవరి 9, మధ్యాహ్నం 1:30)

నాలుగున్నర అంగుళాల గోడ అక్కా, ఒక ఇటుక పోతుంది అంతే. టైల్ పగిలితే పక్క టైల్ కూడా పగలదని హామీ ఎవరిస్తారు?

భీమారం_టీచర్ (జనవరి 9, సాయంత్రం 5:45)

లొల్లి వద్దు. పగలాల్సిన టైల్ అద్దం పెట్టె వెనకే ఉంది కదా. రంగు కలవకపోయినా ఎవరికి కనబడుతుంది? పైగా డాబా మీద ఇసుక కింద నాలుగు టైల్స్ మిగిలినవి దొరికాయి. టైల్ వైపు నుంచే తీయిస్తాను.

సుతారి_కొడుకు (జనవరి 9, సాయంత్రం 6:00)

ఈ మాట నాకే తట్టాల్సింది. మా నాన్న చదివితే నవ్వుతాడు.

ప్లంబరు సీపీవీసీ పైపు (వేడినీళ్లకు వాడే ప్లాస్టిక్ పైపు) కోసి కొత్త ముక్క అతికిస్తాడు. అతికించిన వెంటనే నీళ్లు వదలనీయకండి, మరుసటి రోజు దాకా ఆగితే భయం లేదు. నీళ్లు వదిలాక కూడా గాడి తెరిచే ఉంచి ఒక రోజు చూడండి. అప్పుడు మూయండి. మూసే ముందు టేపు పెట్టి ఫోటో!

వేదిక నిర్వాహకులు (జనవరి 9, రాత్రి 8:00)

మంచి ప్లంబర్ నంబరు అడుగుతూ, ఇస్తూ కొందరు రాశారు, తీసేశాం. ఫోన్ నంబర్లు ఇక్కడ పెట్టవద్దు.

కరెంటోళ్ల_ఇల్లు (జనవరి 10, ఉదయం 8:20)

ఇక ముందు మర కొట్టే వాళ్లందరికీ: నల్లా, గీజర్ పాయింటు, స్విచ్‌బోర్డు. వీటికి నేరుగా పైనా కిందా, నేరుగా అడ్డంగా డ్రిల్లు పెట్టొద్దు. పైపైనా వైరైనా సాధారణంగా ఆ గీతల్లోనే పోతుంది. పని తొందరలో ఏటవాలుగా వేసే వాళ్లూ ఉంటారు, అది మన తలరాత.

భీమారం_టీచర్ (జనవరి 13, రాత్రి 9:30)

పైపు అయింది. ప్లంబరు మర తీయగానే చూపించాడు, పైపు నడుమ సరిగ్గా పొడిచింది, కావాలని కొట్టినా అంత సరిగ్గా తగలదు. పక్క టైల్ పగల్లేదు (సుతారి తమ్ముడికి వినబడేలా రాస్తున్నా). రెండు రోజులు తెరిచి ఉంచి నిన్న మూశాం. గీజరు మళ్లీ పని చేస్తోంది, మా పాప సంబరం అయిపోయింది.

మచ్చ మాత్రం ఇంకా అలాగే ఉంది. జాతర లోపు రంగు వేయొచ్చా?

సుతారి_కొడుకు (జనవరి 14, ఉదయం 9:00)

వద్దక్కా. గోడ ఆరడానికి వారాలు పడుతుంది. ఆ ఒక్కచోట లప్పం, రంగు గీకేసి ఇటుకకు గాలి ఆడనివ్వండి, ఫ్యాను పెట్టండి. తెల్లగా ఉప్పు పూస్తే పొడి బ్రష్‌తో దులపండి, నీళ్లతో కడిగితే ఉప్పు మళ్లీ లోపలికే పోతుంది. కవరు పరీక్ష మళ్లీ చేసి, చుక్కలు పడనప్పుడు రంగు.

చుట్టాలు వచ్చే నాలుగు రోజులకు ఒక క్యాలెండర్ తగిలించండి.

కరెంటోళ్ల_ఇల్లు (జనవరి 14, ఉదయం 9:04)

మేకు కొట్టకుండా.

పరకాల_పిల్ల (జనవరి 14, ఉదయం 11:15)

పండగ పూట ముగ్గు వేసి వచ్చి చదివా, నవ్వు ఆగడం లేదు.

అక్కా, రెండో బాత్రూంలో నల్లాలు ఇంకా లేవన్నారు, అంటే వాడటం లేదు కదా. అక్కడ నుంచి వాసన వస్తే ట్రాపులో నీళ్లు ఆరిపోయినట్టే, వారానికి రెండు చెంబులు పోయండి. సుతారులు గమేళాలు కడిగిన సిమెంటు నీళ్లు ఆ ట్రాపులోనే పారబోస్తారు, చుట్టాలు రాకముందే రెండు బకెట్లు పోసి నీళ్లు సాఫీగా పోతున్నాయా చూసుకోండి. మాకు గృహప్రవేశం నాడే నిండి బయటికొచ్చింది. నల్లా సన్నగా వస్తుంటే మూతి దగ్గర జాలి విప్పి కడగండి, కట్టేటప్పటి ఇసుకంతా అక్కడే ఇరుక్కుంటుంది.

గోదావరిఖని_తాత (జనవరి 14, మధ్యాహ్నం 12:30)

మెట్ల సంగతి ఏమైందమ్మా? ఆ ఒక్కటి ఎవరూ అడగడం లేదు.

భీమారం_టీచర్ (జనవరి 14, మధ్యాహ్నం 1:00)

తాతగారూ, పైపులు రెండు వరుసలు బిగించాం. ఐదో తరగతి పిల్లల బరువంత మనిషిని, అంటే నన్నే, ఆనించి చూసుకున్నాం. డాబాకు రేకు తలుపు పెట్టించాను, చెవి నిజంగానే నడుముకే ఉంది.

ఇక వెనక గోడ ప్లాస్టరింగ్, పిట్టగోడ. మేస్త్రి జాతర తర్వాతే అంటున్నాడు. వేరే వాళ్లతో చేయించనా?

నిదానమే_మేలు (జనవరి 14, సాయంత్రం 4:20)

మేస్త్రికి ఎంత బాకీ ఉన్నారు? అది చెప్పండి, ఎప్పుడొస్తాడో నేను చెప్తాను.

భీమారం_టీచర్ (జనవరి 14, సాయంత్రం 5:00)

గుత్తలో ఇంకా 45 వేలు ఇవ్వాలి.

నిదానమే_మేలు (జనవరి 14, సాయంత్రం 5:25)

అయితే వస్తాడు. తప్పకుండా వస్తాడు. మాది రెండు వేలే మిగిలాయి, అందుకే రాలేదు. మొత్తం ఒకేసారి అడిగితే ఇవ్వకండి. వెనక ప్లాస్టరింగ్‌కు ఇంత, పిట్టగోడకు ఇంత అని విడగొట్టి వాట్సాప్‌లో రాసి పంపండి, అది అయ్యాక అది. మాటల్లో అనుకున్నది జాతర జనంలో కలిసిపోతుంది. మొదట మిమ్మల్ని కొంచెం కటువుగా అన్నాను, ఏమనుకోకండి. నాకు తగిలిన దెబ్బ అలా మాట్లాడించింది.

సుతారి_కొడుకు (జనవరి 14, రాత్రి 8:10)

జాతర అయ్యాక వచ్చినా నష్టం లేదు అక్కా. ఫిబ్రవరి ప్లాస్టరింగ్‌కు మంచి కాలం. ఉగాది దాటనీయొద్దు, ఎండలు ముదిరితే పొద్దున కొట్టిన ప్లాస్టరింగ్ మధ్యాహ్నానికే నీళ్లు అడుగుతుంది. ముందు రోజు గోడ తడపాలి, తర్వాత కనీసం ఏడు రోజులు పూటపూటా నీళ్లు కొట్టాలి. ఆ ఏడు రోజులు మేస్త్రి రాడు, మీరే కొట్టాలి. ఇంట్లో ఉండటం అక్కడ పనికొస్తుంది, నిదానం అన్నా ఏమన్నా సరే.

వంటింటి అరల తలుపులు మాత్రం జాతర ముందే పెట్టించేయండి, కోతలన్నీ బయట వాకిట్లో కోయమనండి. నేల మీద పాత ఎన్నికల ఫ్లెక్సీలు పరవండి, వాటికంటే మంచి గుడ్డ లేదు.

భీమారం_టీచర్ (ఫిబ్రవరి 3, రాత్రి 9:20)

ఆలస్యంగా రాస్తున్నా. 27న దిగారు, పద్దెనిమిది మంది. క్యాలెండర్ టేపుతో అంటించాం, రెండో రోజే ఊడింది. మా పెద్దమ్మ మచ్చ చూసి "కొత్త ఇంటికి దిష్టి చుక్క మంచిదే" అంది. పైపుల రెయిలింగ్ చూసి మాత్రం అందరూ ఇదేం ఫ్యాషన్ అని అడిగారు. ఆడబిడ్డ కొడుకు మొదటి గంటలోనే డాబా తలుపు దగ్గర నిలబడి తాళం లాగుతున్నాడు. తాతగారూ, అప్పుడు మీరు గుర్తొచ్చారు.

నిన్న సోమవారం పొద్దున్నే గేటు చప్పుడైతే చూశాను, మేస్త్రి. చేతిలో మేడారం బంగారం, బెల్లం ముద్ద. అత్తమ్మ కళ్లకద్దుకుంది. ఇక తిట్టడానికి నాకు నోరు రాలేదు. వాట్సాప్‌లో రాసినట్టే పిట్టగోడతో మొదలుపెట్టాడు, ఈరోజుకు రెండు వరుసలు లేచింది. వెనక గోడకు రేపు నీళ్లు కొట్టమన్నాడు, సుతారి తమ్ముడు చెప్పినట్టే ముందు రోజు.

మరిది వీడియోల నుంచి ప్రతి గోడ బొమ్మ విడిగా ప్రింట్ తీయించి మీటరు బోర్డు తలుపు లోపల అంటించాను. అన్నిట్లోనూ అత్తమ్మ ఉంది.

గేటుకు రంగు వేసే అతను రేపు ఎనిమిదింటికి వస్తానన్నాడు.

పరకాల_పిల్ల (ఫిబ్రవరి 3, రాత్రి 9:26)

ఏ రేపు అక్కా?